పచ్చిక దాహం మట్టినే చెప్పనివ్వండి

2024 వేసవిలో బోర్లు ఎండిపోయి హైదరాబాద్ పశ్చిమాన ఎన్నో కాలనీలు ట్యాంకర్ల కోసం ఎదురుచూశాయి. అదే వైపు నయా ఖిల్లాలో ఒక గోల్ఫ్ మైదానం, గచ్చిబౌలిలో మరొకటి ఉన్నాయి. వాటిని మూసేయమనడం తేలిక, జరిగే పని కాదు. పచ్చికకు ఎప్పుడు తడిపెట్టాలో గడియారం కాకుండా మట్టి నిర్ణయించాలన్నదే నా వాదన. వేళ్ల లోతులో పాతిన సెన్సర్ తేమ ఎంతుందో చెబుతుంది. ఆ తేమ హద్దు కన్నా తగ్గేదాకా స్ప్రింక్లర్ తిప్పనక్కర్లేదు. హెక్టారుపై ఒక మిల్లీమీటరు నీరంటే 10,000 లీటర్లు. 20 హెక్టార్లకు రోజూ ఆ ఒక్క మిల్లీమీటరు అదనంగా పెడితే 2 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభై!

శుద్ధి చేసిన మురుగునీరు వాడితే పొదుపెందుకని అడగవచ్చు. దాన్ని తోడటానికీ కరెంటు కావాలి. పైగా అందులోని లవణాలు మట్టిలో పేరుకుంటాయి. విద్యుత్ వాహకతను కూడా కొలిచే సెన్సర్లు ఆ ముప్పును ముందే పసిగడతాయి. అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది: సెన్సర్ తన చుట్టూ కొన్ని సెంటీమీటర్ల సంగతే చెబుతుంది. గ్రానైట్ బండల మీద మట్టి లోతు అడుగడుక్కీ మారే మన నేలలో దీన్ని కొట్టిపారేయలేం. అందుకే ఎండ, నీడ, వాలును బట్టి మైదానాన్ని భాగాలు చేసి, చేతి మీటరుతో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. సిబ్బంది అనుభవం ఎటూ తప్పదు. అయితే ఈ పొదుపును మైదానాల ఇష్టానికే వదిలేయకూడదు. భూగర్భజలాల నియంత్రణకు వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. ఏ మైదానం నెలకు ఎంత నీరు వాడిందో ప్రజల ముందు పెట్టాలని ప్రభుత్వం ఇకనైనా షరతు విధించాలి.