ర్యాంకుతో పాటు ఈ లెక్క కూడా అడగండి



పేరెంట్స్ మీటింగ్‌లో ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "క్లాసులో మావాడి ర్యాంకెంత?" అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: "35 లోపు మార్కులు వచ్చినవాళ్లలో ఎంతమందికి ఏ చాప్టర్‌లో మార్కులు పోయాయి?"

'ఆర్' అనే ఉచిత కంప్యూటర్ భాషలో ఇది రెండు లైన్ల పని. 'సబ్‌సెట్' జల్లెడ పడుతుంది. మిగిలినవాటిలో ఏది ఎన్నిసార్లు వచ్చిందో 'టేబుల్' లెక్కపెడుతుంది.

జల్లెడ తప్పితే లెక్కా తప్పుతుంది. 2011 జనాభా లెక్కల్లో 'సూర్యాపేట జిల్లా' అని వెతికితే సున్నా వస్తుంది. ఆ జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అప్పటిదాకా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్గొండ జిల్లాలోనివే.

ఇంకో చిక్కు ఖాళీ గడులతో. మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప 'సబ్‌సెట్', 'టేబుల్' రెండూ వాటిని లెక్కలోకి తీసుకోవు. పరీక్షకు రాని పిల్లలు అలా కనబడకుండా పోతారు, క్లాసు ఫలితం మాత్రం బాగున్నట్టే ఉంటుంది. మన సాయం ఎక్కువగా కావలసింది ఆ పిల్లలకే కావచ్చు.

ఎనిమిదో తరగతి నుంచే కంప్యూటర్ పీరియడ్‌లో పిల్లలకు ఈ పని నేర్పాలని నా అభిప్రాయం. ఈలోగా వచ్చే మీటింగ్‌లో మీరు మూడు అంకెలు అడగండి: ఎంతమంది రాశారు, ఎంతమంది రాలేదు, ఏ చాప్టర్‌లో ఎంతమంది వెనకబడ్డారు. జవాబు సిద్ధంగా ఉంచుకోవడం మా టీచర్ల బాధ్యత.