పూజ్యుడా? కార్మికుడా?

ఏటా సెప్టెంబరు అయిదున ఎవరో ఒకరు పిలిచి శాలువా కప్పుతారు. గురువును త్రిమూర్తులతో పోలుస్తారు. ఆ చప్పట్ల మధ్య నాకు 1989 గుర్తుకు వస్తుంది.

ప్రభుత్వోద్యోగం రాకమునుపు నేనొక ప్రైవేటు పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. అక్విటెన్సు రిజిస్టరులో ఒక మొత్తానికి సంతకం, చేతికి అందులో సగం. వేసవి సెలవులకు అదీ లేదు. ఆ యేడు గుమాస్తా జీతమూ మా జీతాలూ మూడు నెలలు నిలిచిపోయాయి. గుమాస్తా కార్మికశాఖలో అర్జీ పెట్టుకొని బకాయి రాబట్టుకున్నాడు. మేమూ వెళ్లాము. అక్కడి అధికారి లేచి నిలబడి, కుర్చీ చూపించి, "మాస్టారూ, తమరు కార్మికులు కారండీ" అన్నారు. అంత మర్యాదగా చెప్పిన 'కాదు' నేను మరెన్నడూ వినలేదు.

ఆయన తప్పేమీ లేదు. విద్యాసంస్థ కూడా పరిశ్రమేనని 1978లో సుప్రీంకోర్టు అన్నది. గోవా ఉపాధ్యాయిని సుందరాంబాళ్ వ్యాజ్యంలో 1988లో అదే న్యాయస్థానం, ఉపాధ్యాయుడు మాత్రం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుడు కాడని తేల్చింది. బోధన ఉదాత్తమైన వృత్తి కదా! అనగా బడి పరిశ్రమ, గుమాస్తా కార్మికుడు, పంతులు పూజ్యుడు. పొగడ్తయే అడ్డుగోడ అయినది.

పంతుళ్లకు ఆ హక్కు ఇస్తే సమ్మెలు చేసి పిల్లల చదువు పాడుచేస్తారని కొందరి భయం. కానీ ఆ చట్టం ముందుగా చూపిన దారి రాజీ. అధికారి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. కుదరకుంటే విషయం కార్మిక న్యాయస్థానానికి వెళ్లే వీలుండేది. చెప్పుకొనే చోటు లేనివాడే వీధికెక్కుతాడు.

నిర్వచనం మార్చడం అసాధ్యమూ కాదు. ఉపాధ్యాయులకు గ్రాట్యుటీ చట్టం వర్తించదని 2004లో తీర్పు వచ్చింది. 2009లో పార్లమెంటు ఆ నిర్వచనాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తింపజేసింది. 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. కానీ 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 'కార్మికుడు' అన్న మాట కింద పాత్రికేయులనూ, విక్రయ ప్రతినిధులనూ పేరుపెట్టి చేర్చినవారికి ఉపాధ్యాయుడు గుర్తుకు రాలేదు.

వ్యాకరణం చెప్పి బతికినవాణ్ణి. ఒక్క పదం లోపిస్తే వాక్యం ఎంత మారిపోతుందో నాకు తెలుసు. శాలువాలు ఇక చాలును. ఆ జాబితాలో ఆ ఒక్క పదం చేర్చండి.