ముందు వదలండి... ఆపైన పీల్చండి!

నాలుగు మెట్లెక్కితే ఆయాసం. స్నానం చేసి తల తుడుచుకునేసరికి ఆయాసం. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట, సిగరెట్ తాగినవారికీ, కట్టెల పొయ్యి పొగలో వంట చేసిన ఆడవాళ్లకూ ఎక్కువగా వచ్చే సీవోపీడీ తీరే అంత. ఆయాసం రాగానే చాలామంది కంగారుపడి గబగబా గాలి పీలుస్తారు. నిజానికి ఈ జబ్బులో అసలు ఇబ్బంది గాలి బయటకు రావడంలోనే. శ్వాసనాళాలు సన్నబడి, గాలిగదులు సాగే గుణం కోల్పోవడంతో పాత గాలి లోపలే ఉండిపోతుంది. అది పోకుండా కొత్త గాలికి చోటెక్కడిది? వేగంగా పీల్చేకొద్దీ ఆయాసం, దాంతో భయం, భయంతో మరింత ఆయాసం. ఈ వలయం నుంచి బయటపడేందుకు కొన్ని తేలికైన పద్ధతులున్నాయి.

పెదాలు ముడిచి...

భుజాలు వదులు చేసి, ముక్కుతో 'ఒకటి, రెండు' అనుకుంటూ గాలి పీల్చాలి. గుండెల నిండా పీల్చక్కర్లేదు. తర్వాత ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి. వేడి టీని ఊదినంత మెల్లగా ఊదితే చాలు. ఇలా చేస్తే గాలి వదిలేటప్పుడు నాళాలు త్వరగా మూసుకుపోవు. ఆయాసం లేనప్పుడు రోజూ సాధన చేస్తేనే అవసరానికి అక్కరకొస్తుంది.

ముందుకు వంగి...

కుర్చీలో కూర్చుని కాస్త ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించాలి. నిలబడి ఉంటే బల్ల మీద చేతులు ఆనించి వంగొచ్చు. ముఖానికి ఫ్యాన్ గాలి తగిలినా చాలామందికి హాయిగా ఉంటుంది. పడుకునే ముందు పిడికిళ్లు బిగించి వదలడం, భుజాలు పైకెత్తి దించడం వంటివి చేస్తే ఒళ్లు తేలికపడుతుంది.

పనికీ ఊపిరికీ జత

బరువెత్తేటప్పుడు, వంగేటప్పుడు, మెట్టెక్కేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబట్టకూడదు.

వీటితో జాగ్రత్త

టీవీలో చూసి కపాలభాతి, భస్త్రిక, కుంభకం మొదలుపెట్టొద్దు. పొట్ట కదిలేలా ఊపిరి తీసే వ్యాయామం కూడా జబ్బు ముదిరిన కొందరికి పడదు. వైద్యులనో, ఫిజియోథెరపిస్టునో అడిగి నేర్చుకోవడం మేలు.

ఇవి దెబ్బతిన్న ఊపిరితిత్తులను బాగుచేయవు, ఉన్న ఊపిరిని పొదుపుగా వాడుకోవడం నేర్పుతాయి. కాబట్టి ఇన్‌హేలర్లు ఆపకూడదు, పొగ మానక తప్పదు. పెదాలు నీలంగా మారినా, ఒక్క వాక్యమైనా పూర్తిగా పలకలేకపోతున్నా, మగతగా, అయోమయంగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లోవాళ్లకూ ఇందులో పని ఉంది. ఆయాసపడుతున్న మనిషి చుట్టూ గుమిగూడి 'గట్టిగా పీల్చు' అని తొందరపెట్టొద్దు. ఒకరు పక్కన కూర్చుని, తామూ పెదాలు ముడిచి నెమ్మదిగా ఊదుతూ ఉంటే చాలు. చూసి చేయడం సులువు.