జలియన్‌వాలా బాగ్‌లో పిల్లలకు ఏం చెబుదాం?

అమృత్‌సర్ వెళ్లినవాళ్లు జలియన్‌వాలా బాగ్ చూడకుండా రారు. గోడల మీద తూటా గుర్తులు, జనం దూకిన బావి, నాలుగు సెల్ఫీలు. అరగంటలో బయటికొచ్చేస్తారు. 2021లో ఆ చోటుకు కొత్త హంగులు దిద్దారు. డయ్యర్ సైనికులు లోపలికి వచ్చిన ఇరుకు సందు గోడలకు బొమ్మలు అమర్చారు. చరిత్ర ఆనవాళ్లు చెరిగిపోతున్నాయని చరిత్రకారులు అప్పుడే తప్పుపట్టారు.

అయితే అసలు కథ ఆ గోడల మీద వెతికితే దొరకదు, మనమే చెప్పుకోవాలి. 1650 రౌండ్లు కాల్చారని, సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారని చాలామందికి తెలుసు. దానికి నాలుగు రోజుల ముందు జరిగింది ఎంతమందికి తెలుసు?

1919 ఏప్రిల్ 9, శ్రీరామనవమి. అమృత్‌సర్ ఊరేగింపులో ముస్లింలు కూడా నడిచారు. హిందువులు, ముస్లింలు ఒకే పాత్రలో నీళ్లు తాగారు. ఈ కలయిక బ్రిటిష్ అధికారులకు మింగుడుపడలేదు. మర్నాడే డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూని, డాక్టర్ సత్యపాల్‌ని పట్టుకెళ్లారు. 13న బాగ్‌లో సభ పెట్టింది ఆ అరెస్టులకు, రౌలట్ చట్టానికి నిరసనగానే.

ఇవాళ అదే పండుగ ఊరేగింపు వస్తోందంటే హైదరాబాద్‌లో దారిలోని మసీదులకు పరదాలు కడుతున్నారు.

అందుకే ఈసారి వెళ్తే ఆ సందులో ఫోన్ జేబులో పెట్టేయండి. పిల్లలకు కిచ్లూ, సత్యపాల్ పేర్లు రెండూ కలిపి చెప్పండి. అక్కడ పోయినవాళ్లలో సిక్కులు, హిందువులు, ముస్లింలు అందరూ ఉన్నారు. అది మన చోటు కూడా.