బిగిస్తే జారే పట్టు

పిల్లలూ! ఏదైనా బిగిస్తే పట్టు గట్టిపడుతుందని అందరికీ తెలుసు. కాని బిగించినందువల్లనే పట్టు జారిపోయేది ఒకటి మీ యింటి ముందే వుండవచ్చు. అదే మోటారు సైకిలు క్లచ్.

మా పొరుగింటాయన ఒకనాడు కూతురిని పరీక్షకు తీసుకుపోతున్నాడు. రైలు వంతెన ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను హోరుమన్నదే గాని బండి సాగలేదు. పైగా మాడు వాసన! తండ్రీ కూతుళ్లిద్దరూ దిగి, బండిని నెట్టుకుంటూ, ఎలాగో వేళకు చేరుకున్నారు. ఇంజను పాడయిందనీ, వేలకు వేలు ఖర్చవుతుందనీ ఆయన దిగులుపడ్డాడు. నిజానికి ఇంజనుకు ఏమీ కాలేదు. ముందురోజు, క్లచ్ వదులుగా వున్నదనుకుని ఆయనే వైరును బాగా బిగించాడు!

ఇందులో కిటుకు ఏమిటో చూద్దాం. మీ రెండు అరచేతులూ ఒకదానికొకటి గట్టిగా అదిమి, ఒక చేతిని తిప్పండి. రెండవదీ దానితోపాటు కదులుతుంది. కొంచెం వదులు చేసి తిప్పండి. ఈసారి ఒకటి రెండవదాని మీద జారుతుంది. చేతులు వేడెక్కుతాయి కూడా.

క్లచ్‌లోనూ ఇదే జరుగుతుంది. అందులో గుండ్రని పలకలు వరసగా వుంటాయి. కొన్నింటిని ఇంజను తిప్పుతుంది. వాటి మధ్యనున్న పలకలు గేర్ల ద్వారా వెనక చక్రాన్ని తిప్పుతాయి. అన్నింటినీ కలిపి అదిమి వుంచేవి స్ప్రింగులు. మనం లివరు నొక్కితే, వైరు ఆ అదుము తప్పిస్తుంది. అనగా వైరు పని పట్టించటం కాదు, విడిపించటం! అది మరీ బిగుతుగా వుంటే, లివరు మీద చెయ్యి వెయ్యకపోయినా కొంచెం నొక్కి వుంచినట్టే.

అందుచేత పట్టు జారితే మొదట చూడవలసింది, ఖర్చు లేనిది. ఇంజను ఆపి, లివరును మెల్లగా లాగి చూడాలి. చాలా బండ్లలో లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు తేలికగా కదిలి, ఆ తరువాతనే బరువు తగలాలి. సరైన కొలత బండితో వచ్చిన పుస్తకంలో వుంటుంది. పలకలు అరిగేకొద్దీ ఈ వదులు తగ్గిపోతుంది. కనుక అప్పుడప్పుడు సరిచేస్తూ వుండాలి.

రెండవది నూనె. చాలా మోటారు సైకిళ్లలో క్లచ్ పలకలు ఇంజను నూనెలోనే తడుస్తూ వుంటాయి. కార్లకోసం చేసిన కొన్ని నూనెలు పోస్తే అవి జారవచ్చు. ఈ రెండూ సరిగా వుండి కూడా జారుతుంటే, పలకలో స్ప్రింగులో అరిగాయన్నమాట. అది మెకానిక్కు చేయవలసిన పని.

మా పొరుగింటాయన వైరును కొద్దిగా వదులు చేయించాడు. మర్నాడు బండి అదే వంతెనను ఇద్దరితోనూ ఎక్కింది. నాలుగు రోజులు అలాగే నడిపి వుంటే పలకలు నిజంగానే మాడిపోయేవి.

ఇక మీకొక ప్రశ్న. గేరులో వున్న బండి, లివరు పూర్తిగా నొక్కినా ముందుకు పాకుతున్నది. వైరు బిగువా, వదులా? మీ నాన్నగారిని అడిగే ముందు మీరే ఆలోచించండి!