తెగులు గుట్టు రైతు గడపకు చేరాలి

వరి మీద తెగులు కనబడగానే మన రైతు ముందు పరుగెత్తేది పురుగుమందుల కొట్టుకే. అక్కడ ఏ డబ్బా ఇస్తే అది తెచ్చి కొడతాడు. తన చేలో దిగిన శిలీంధ్రం ఏ రకమో, ఏ వంగడానికి లొంగుతుందో తెలుసుకునే వీలు అతనికి లేదు. ఆ వీలు కల్పించాల్సింది ప్రభుత్వమే.

బడిలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాక బందరు చిలకలపూడిలో ఉంటూ సొంత చేను చూసుకుంటున్నాను. సార్వాలో బీపీటీ వరి రకాలకు అగ్గితెగులు ఎలా తగులుతుందో దగ్గరగా చూశాను. మొదట ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. వెన్ను తీశాక మెడ నల్లబడి విరుగుతుంది. గింజ నలిపితే అంతా తాలే. అయినా కౌలురైతు కౌలు బస్తాలు కొలవక తప్పదు.

ఈ అగ్గితెగులు శిలీంధ్రం జన్యుక్రమాన్ని 2005లోనే చదివారు. అందులో సుమారు 11 వేల జన్యువులు ఉన్నాయి. వరిలోని నిరోధక జన్యువు శిలీంధ్రం వదిలే ఒకానొక ప్రోటీన్‌ను పసిగట్టి మొక్కను కాపాడుతుంది. రకరకాల నమూనాల క్రమాలను పోల్చి చూడగా, అలాంటి ప్రోటీన్ల తాలూకు జన్యువుల్లో చాలా క్రోమోజోముల చివర్లలో, చోటు మారే డీఎన్‌ఏ ముక్కల పక్కన ఉంటాయని తేలింది. అందుకే తేలిగ్గా మారతాయి, కొన్నిసార్లు పూర్తిగా పోతాయి. అప్పుడు తట్టుకుంటుందని వేసిన వంగడమూ పడిపోతుంది.

వరికే వచ్చే మరో శిలీంధ్రపు తెగులు పాము పొడ దారి వేరు. దాని శిలీంధ్రం జన్యుక్రమం 2013లో వెలువడింది. మొక్క కణాల గోడల్ని కరిగించే ఎంజైముల జన్యువులు అందులో దండిగా ఉన్నాయి. ఈ తెగులును పూర్తిగా తట్టుకునే వరి రకం ఇంతవరకు దొరకలేదు. కనుక అగ్గితెగులుకు విత్తనం ఎంపిక, పాము పొడకు గట్ల మీద కలుపు తీయడం, నాట్లు దూరంగా వేయడం, నత్రజని తగ్గించడం ముఖ్యం. రెండూ ఒకే మడిలో ఉన్నా ఒకే సలహా పనికిరాదు.

ఇలాంటి జన్యు సమాచారాన్ని వేరే దేశాల్లో ఇప్పటికే వాడుకుంటున్నారు. 2016లో బంగ్లాదేశ్ గోధుమ చేలను అగ్గితెగులు తగలబెట్టినప్పుడు, అక్కడి శాస్త్రవేత్తలు విదేశీ సహచరులతో కలిసి జన్యు సమాచారాన్ని వెంటనే అందరి ముందూ పెట్టారు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన రకమని కొద్ది వారాల్లోనే తేలింది. ఇథియోపియాలో గోధుమ తుప్పు తెగులు రకాన్ని చేతిలో పట్టే సీక్వెన్సర్‌తో, అంటే జన్యుక్రమం చదివే పరికరంతో, ఊళ్లకు దగ్గరలోనే గుర్తిస్తున్నారు.

మనకు బందరులో, ఘంటసాలలో వ్యవసాయ పరిశోధన స్థానాలున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీతో కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చిన మెరుగైన సాంబమసూరిని 2008లో ఇచ్చింది ఆ సంస్థే. ఇంత సత్తా ఇంట్లోనే ఉంది. బందరు, గుడివాడ, దివిసీమ చేల నుంచి ఏటా తెగులు ఆకులు సేకరించి, జన్యుక్రమాలు పోల్చి, ఏ నిరోధక జన్యువు ఇంకా పనిచేస్తోందో చెప్పాలి. ఆ మాట విత్తనం కొనే వేళకు ప్రతి రైతు సేవా కేంద్రంలో, తెలుగులో, రైతుకు అందాలి. దీనికి బడ్జెట్‌లో ఏటా విడిగా నిధి కేటాయించాలి.