రోడ్డు పొంటి ఊళ్ల వాటా ఏది?

హైదరాబాద్–విజయవాడ రహదారి మన సూర్యాపేట, కోదాడ మీదుగనే పోతది. కొర్లపహాడ్ కాడ కార్లు, లారీలు టోల్ కడ్తున్నయి. మరి ఆ రోడ్డు దాటే ముసలవ్వకు, బడిపిల్లకు భద్రత ఏది?

2023 డిసెంబర్ 9 నుంచి ఆడబిడ్డలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్ల ప్రయాణం ఉచితం. మంచిదే. కానీ బస్సే రాని ఊరికి ఉచితం ఏం ఆసర? కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగ మిర్యాలగూడ దాకా బస్సు తప్పితే ఆటోల ఇరుక్కొని పోవుడే.

టోల్ల, ట్రాఫిక్ జరిమానాల్ల ఒక వాటా రోడ్డు పొంటి ఊళ్లకు దక్కాలె. లైటు ఏడ పెట్టాల్నో, నడకదారి ఏడ వెయ్యాల్నో, బస్సు ఏ యాళ్లకు రావాల్నో గ్రామసభ తేల్చాలె. నిధుల కోసం కొట్లాడి 2014ల రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం. ఇప్పుడు ఊరి వాటా అడుగుదాం.